రాతపని వెతుక్కుంటూ కొల్లేటికోట దాకా

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ సంగతులు చెబుతారు. నేను వెళ్ళింది పెదవేగి, తాడేపల్లిగూడెం, కొల్లేటికోట. ఇవీ ఒక యాత్రేనా, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు కదా అని మా ఏలూరువాళ్ళు నవ్వుతారు. పేరంటానికి వెళ్ళేవాళ్ళకి అలాగే ఉంటుంది. పని అడగడానికి వెళ్ళి చూడండి, పెదవేగి కూడా పరదేశమే.

నేను చెబుతున్నాను, మా పక్కవాటాలో ఉండే మెహరున్నీసా రాస్తోంది. నాకు అక్షరాలు రాకపోలేదు. ఒక్కొక్కటీ కూడబలుక్కుని బస్సు బోర్డు చదివేసరికి బస్సు వెళ్ళిపోతుంది, అంతే. మెహర్ జాకెట్లు కుడుతుంది. కుట్టు ఎలా ఉంటుందో చేతిరాతా అలాగే ఉంటుంది, ఎక్కడా వంకర పోదు. వాళ్ళ తాతగారు ఏలూరు తివాచీలు నేసినవారు. నా పేరు రత్తమ్మ. నా గొంతు చిన్నప్పటి నుంచీ రంపం కోస్తున్నట్టుంటుంది. దాన్ని ఇక్కడ రాయలేం కాబట్టి మీరు బతికిపోయారు.

ఏలూరు: స్టూలు పోయింది

మా ఆయన బోర్డులు రాసే పెయింటరు. మాట నాది, రంగు ఆయనది. ఆయన పోయాక ఒక ఫ్లెక్సీ షాపులో నాకొక స్టూలు వేశారు. ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్ళి, నాలుగు సంగతులు అడిగి, కన్నీటి నివాళికి మాటలు చెప్పడం నా పని. పన్నెండేళ్ళు చెప్పాను. ఈమధ్య షాపాయన ఫోనుకే రాయడం వచ్చేసింది. ఎనభై ఏళ్ళ మామ్మగారికి అది "యువతకు స్ఫూర్తి" అని రాసింది. మామ్మగారి మనవడు బాగుందన్నాడు. నా స్టూలు మీద ఇప్పుడు ఫ్యాను పెట్టారు.

సంగతి తెలిసి కాకినాడ నుంచి మా మరిది సూరిబాబు ఫోన్ చేశాడు. అతనికి అక్కడ భోజనాల మెస్సు ఉంది.

"ఎందుకొదినా ఒక్కదానివీ అక్కడ? మా మెస్సులో వంటింటికి పెద్దగా ఉండు. ఆదివారం టాటా ఏస్ వేసుకొచ్చి సామాను ఎక్కించేస్తాను."

"నాకు వంట రాదు సూరిబాబూ."

"మా కస్టమర్లకి తినడమూ రాదులే. వచ్చెయ్."

మంచివాడే. కానీ ఆ మెస్సులో వంటింటికి కిటికీ లేదు. రెండొందల మందికి కూరలు తరుగుతూ ఎవరితోనూ మాట్లాడకుండా ఉండాలి. నన్ను గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టినా ఒకటే. అందుకని గడువు అడిగాను. ఆదివారంలోగా ఒక్క నిలకడైన రాతపని చూపిస్తే ఏలూరులో ఉంటాను, లేకపోతే నోరెత్తకుండా బండెక్కుతాను. "నోరెత్తకుండా" అన్న మాటకి నవ్వి ఒప్పుకున్నాడు. అప్పటికి బుధవారం అయింది.

మెహర్ పేపరు తిరగేసింది. డ్రైవర్లు కావాలి, నర్సులు కావాలి, పెళ్ళికూతుళ్ళు కావాలి. మాటలు చెప్పేవాళ్ళు కావాలని ఎక్కడా లేదు.

"ఎవరూ వెయ్యరు పిన్నిగారూ. మనమే వెళ్ళి అడగాలి," అంది. రెండు జాకెట్లు పక్కన పడేసి నాతో బయల్దేరింది.

పెదవేగి: ట్రాలీకి వెనక ఒకటే

బాగోలేని బోర్డు ఎక్కడ కనబడితే అక్కడ దిగి, మంచి మాట చెబుతామని అడగడం నా ఆలోచన. గురువారం పొద్దున పెదవేగి బస్సెక్కాం. మెహర్ కిటికీ పక్కన కూర్చుని ప్రతి బోర్డూ గట్టిగా చదివింది. కండక్టరు రెండుసార్లు స్టాపనుకుని విజిల్ వేశాడు.

పెదవేగి అంతా పామాయిలు తోటలే. మా ఏలూరు ఎండకి అలవాటుపడ్డవాళ్ళం, ఆ తోటలోకి అడుగుపెడితే మిట్టమధ్యాహ్నమే దీపాలవేళ అనిపించింది. గెలలు ఎర్రగా, ముళ్ళతో, పందిపిల్లలంత ఉంటాయి. కోసే ఆడవాళ్ళు గట్టు మీద క్యారేజీలు విప్పుతూ మమ్మల్నీ కూర్చోబెట్టి ముద్దపప్పు, గోంగూర పెట్టారు. ఏలూరులో అయితే ముందు పేరడిగి, పని అడిగి, అప్పుడు మంచినీళ్ళు ఇస్తాం. వీళ్ళు చెయ్యి కడుక్కోమన్నాక అడిగారు, ఏం పని మీద వచ్చారని.

"మాటలు అమ్ముకోవడానికమ్మా."

"మా అత్త ఊరికే ఇస్తాదండి, పొద్దస్తమానం," అంది ఒకావిడ. గట్టంతా నవ్వు.

అక్కడే బుల్లియ్యగారని ట్రాక్టరాయన ఉన్నాడు. ఆయన ట్రాలీ వెనక "శుభయాత్ర" అని రాసి ఉంది. అది బాగాలేదన్నాను. ఆయనకి కోపం రాలేదు.

"శుభయాత్ర అని రాసినా ఎనకాల హారన్ కొట్టి చంపేత్తన్నారండీ. దానికేదైనా చెప్పండి."

కళ్ళు మూసుకుని చెప్పాను: "గెలలు మోస్తున్నాను. తొందరుంటే మీరు నిన్ననే బయల్దేరాల్సింది."

బుల్లియ్యగారు ట్రాలీ చక్రం పట్టుకుని నవ్వాడు. మెహర్ సుద్దముక్కతో అక్కడికక్కడే రాసి చూపించింది. ఆయన జేబులో ఉన్న వంద తీసి ఇచ్చాడు. నాకు ధైర్యం వచ్చింది.

"నెలనెలా మార్చుకుంటూ ఉండండి. కొత్తకొత్తవి చెబుతాను," అన్నాను.

"పెయింటు పదేళ్ళుంటాదండీ," అన్నాడు.

"ఇంకెక్కడైనా రాయించుకుంటారా?"

"ట్రాలీకి ఎనక ఒకటే ఉంటాది కదండీ."

ఇదీ నిలకడ లేని పనే. వందకి రెండు బస్సు టిక్కెట్లు, రెండు చెరుకురసాలు వచ్చాయి. గురువారం అయిపోయింది.

పాసింజరు బండిలో చీరల మూట

శుక్రవారం తాడేపల్లిగూడెం పాసింజరు ఎక్కాం. మా ఎదురుగా పెద్ద మూట మీద ఒకావిడ కూర్చుంది. మూట కింద సీటు ఉన్నా ఆవిడ మూట మీదే కూర్చుంది. పేరు సుబ్బలక్ష్మి. ఇల్లిల్లూ తిరిగి చీరలు అమ్ముతుంది. భీమడోలు దాటేలోపు మా కథంతా విని, మెహర్ చేత మూడు చీరలకి ధర కూడా అడిగించేసింది.

"బోర్డులు చూసుకుంటూ పోతే పని దొరుకుద్దేంటండీ? బోర్డున్నోడికి ఇంకో బోర్డెందుకు?" అంది. "నేను చీర కావాలా అని ఎవర్నీ అడగనండీ. గుమ్మం ముందు చెప్పులెన్నున్నాయో చూత్తాను. ఎక్కువున్నాయంటే ఆ ఇంట్లో ఫంక్షనన్నా ఉండాలి, గొడవన్నా ఉండాలి. రెండింటికీ చీరలు పోతాయి."

నేను పన్నెండేళ్ళు స్టూలు మీద కూర్చుని నేర్చుకోనిది ఆవిడ పూళ్ళ స్టేషన్లోపు చెప్పేసింది. అంతటితో ఆగలేదు. గూడెంలో వరలక్ష్మిగారని ఉల్లిపాయల వ్యాపారి భార్య ఉందట, వాళ్ళమ్మాయికి ఓణీల ఫంక్షనట, కార్డులో మాటలు నచ్చక మూడుసార్లు ప్రెస్సుకి తిప్పి పంపిందట.

"ఏ చీర చూపించినా బానే ఉందంటాదండీ, కొనదు. అలాంటోళ్ళకి మీ పని నప్పుద్ది. నేను తీసుకెళ్తాను," అంది.

తాడేపల్లిగూడెం: ఓణీల కార్డు

గూడెంలో దిగగానే ముందు ఉల్లిపాయ పలకరిస్తుంది. బస్తాలు, లారీలు, హమాలీలు, గాలంతా అదే ఘాటు. మెహర్ కళ్ళు తుడుచుకుంటుంటే స్టేషను బయట ఒక ముసలాయన "ఊరుకో అమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అని ఓదార్చి వెళ్ళాడు. సుబ్బలక్ష్మి ఒక పాక హోటల్లో పెసరట్టు ఉప్మా తినిపించింది. మా ఏలూరులో అదే డబ్బుకి పెసరట్టు ఇచ్చి, ఉప్మా వాసన చూపిస్తారు. ఇక్కడ ఉప్మా పెట్టాక పెసరట్టు మడత పడలేదు.

వరలక్ష్మిగారి ఇల్లు మూడంతస్తులు. గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టాను. పద్నాలుగు జతలు. నాకు ప్రాణం లేచొచ్చింది. సుబ్బలక్ష్మి మమ్మల్ని లోపల కూర్చోబెట్టి పై వీధికి మూటతో వెళ్ళిపోయింది.

వరలక్ష్మిగారు తిప్పి పంపిన కార్డులు తెచ్చారు. మెహర్ చదివింది. మూడింటిలోనూ వసంతం విరిసింది, మూడింటిలోనూ సిరిమల్లె పూసింది.

"ఎదురింటోళ్ళమ్మాయికీ ఇదే మల్లెపూవండీ. మా శ్రావ్యకీ అదే అంటే ఎలాగండీ?" అన్నారావిడ.

అమ్మాయిని పిలిపించాను. ఓణీ పిన్నులు పీక్కుంటూ వచ్చింది. పువ్వులు పక్కన పెట్టి, ఈ వేసవిలో ఏం చేశావే అని అడిగాను. పక్కింటి గోడెక్కి జామకాయలు కోశానంది. వాళ్ళ నాయనమ్మ ఉయ్యాలబల్ల మీంచి "పడి మోచేయి కొట్టుకుపోయింది కూడానూ" అంది.

నేను చెప్పాను, మెహర్ రాసింది: "నిన్నటిదాకా మా శ్రావ్య మీ గోడలెక్కి మీ జామకాయలు కోసింది. ఇకనుంచి ఓణీ వేసుకుని, అడిగి కోస్తుంది. వచ్చి దీవించండి. వచ్చేటప్పుడు జామకాయలు తేవద్దు, ఇంట్లో ఇంకా ఉన్నాయి."

వరలక్ష్మిగారు రెండుసార్లు చదివించుకున్నారు. పద్నాలుగు జతల చెప్పులవాళ్ళూ వచ్చి విన్నారు. ఉయ్యాలబల్ల ఆగింది.

"ఇదండీ! ఇదీ మా పిల్లంటే!" అన్నారావిడ. "ఏవండీ, మా కిట్టీ పార్టీలో ఇరవై మందిమున్నాం. నెలకొకరింట్లో ఏదో ఒకటి జరుగుతానే ఉంటాది. అన్నీ ఇక మీరేనండీ చెప్పాలి."

నిలకడైన పని! నాకు కాకినాడ మెస్సులో అంట్లు దూరంగా వెళ్ళిపోతున్న చప్పుడు వినబడింది. కాఫీ తాగాను. గ్లాసు కింద పెట్టాను. కొంగు సర్దుకుని లేచాను. ఎవరి మొహమూ చూడకుండా, ఒక్క మాట లేకుండా గుమ్మం దాటి, మెట్లు దిగి వచ్చేశాను.

తప్పేంటో తెలియనివాళ్ళకి చెబుతాను. మా వైపు చావు జరిగిన ఇంటికి పరామర్శకి వెళితే తిరిగొచ్చేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకూడదు. అంటే మళ్ళీ అలాంటి పని మీదే వస్తామన్నట్టు. అందుకని చెప్పకుండా లేచి వచ్చేయాలి. మిగతా ఏ ఇంటి నుంచైనా చెప్పకుండా లేచారంటే ఆ ఇంటికి కీడు కోరినట్టే. నేను పన్నెండేళ్ళుగా వెళ్ళినవన్నీ చావు ఇళ్ళే. నా కాళ్ళకి వేరే తరహా తెలియదు.

గేటు దగ్గర ఉండగానే వెనక నుంచి కేక.

"ఏవండీ! రత్తమ్మగారూ! చెప్పకుండా వెళ్ళిపోతారేంటండీ? మా ఇంట్లో ఏం జరిగిందనండీ?"

వరలక్ష్మిగారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తున్నారు. వెనకాల పద్నాలుగు మందీ. నన్ను లోపలికి తీసుకెళ్ళి, అదే కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ లేపారు. "వెళ్ళొస్తాను" అని మూడుసార్లు అనిపించారు. నా గొంతులో ఆ మాట బెదిరిస్తున్నట్టు వచ్చింది. మూడోసారికి ఒక చంటిపిల్ల ఏడ్చింది.

అప్పుడు నాయనమ్మగారు అడిగారు. "ఇంతకు ముందు ఏం రాసేవారమ్మా మీరు?"

మెహర్ నా కాలు తొక్కింది. అయినా పెద్దావిడ అడిగితే అబద్ధం ఎలా ఆడను?

"కన్నీటి నివాళులండీ."

శ్రావ్య ఒక్కతే కిసుక్కున నవ్వింది. వరలక్ష్మిగారు నాలుగు అరటిపళ్ళు కవర్లో పెట్టి చేతికిచ్చారు. "కార్డు సంగతి ఫోన్ చేసి చెబుతామండీ," అన్నారు. ఫోన్ నంబరు అడగలేదు.

ఉల్లిపాయ బస్తాల మీద పాఠం

సాయంత్రం సుబ్బలక్ష్మి ఇంటికి చేరాం. ఆవిడ వరండా నిండా వ్యాపారులు అద్దెకి దాచుకున్న ఉల్లి బస్తాలు. వాటి మీద కూర్చుని జరిగిందంతా చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత మెహర్ నాకు పాఠం మొదలుపెట్టింది.

"ఎక్కడి నుంచి లేచినా చెప్పి లేవాలి పిన్నిగారూ. ముందు అలవాటు చేసుకోండి. ఏదీ, ఈ బస్తా మీంచి లేవండి."

లేచాను. "వెళ్ళొస్తాను."

"నవ్వుతూ."

"వెళ్ళొస్తానమ్మా!"

"ఇప్పుడు బాగుంది. ఆ బస్తా మీంచి కూడా."

వీధి కుళాయికి చెప్పాను. పాలావిడకి చెప్పాను. ఆవిడ గేదెకీ చెప్పాను. మెహర్ వదల్లేదు. పొద్దున లేచేసరికి నా నోట్లో ఆ మాట బిళ్ళలా ఊరుతోంది.

శనివారం ఒక్కరోజే మిగిలింది. సుబ్బలక్ష్మి మొహమాటంగా చెప్పింది. కొల్లేటికోటలో వాళ్ళ ఆడపడుచు చిట్టెమ్మ భర్త అప్పారావుగారు పోయి తొమ్మిది రోజులైందట, పెద్దకర్మకి కార్డు వేయాలట. "ఆ తరహా పనే. మీరు వదిలేద్దామనుకుంటున్నారేమో," అంది.

వదిలేద్దామనే అనుకున్నాను. అయినా ఒక్క కార్డుతో నిలకడ ఏం వస్తుంది? కానీ ఏలూరు తిరిగెళ్ళి సామాను సర్దుకోవడం కంటే కొల్లేరు చూడటం నయం కదా అని బయల్దేరాం.

కొల్లేటికోట: నీళ్ళ మధ్య ఇల్లు

ఆకివీడు దాటాక ఆటో గట్టు మీద నడుస్తుంది. అటు చెరువు, ఇటు చెరువు. చేపల చెరువుల్లో గాలి చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంటాయి. గట్ల మీద కొంగలు రేషను క్యూలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నాయి. ఇన్ని నీళ్ళు చూసి మెహర్ దాహం వేస్తోందంది. ఆటోవాడు ఇరవై రూపాయల సీసా కొనిపించాడు. ఎటు చూసినా నీళ్ళే, తాగేవి మాత్రం టిన్నుల్లో వస్తాయి. మా ఏలూరులో నీళ్ళు కనబడవు గానీ టైముకి కుళాయిలో వస్తాయి. దేనికదే.

ఊళ్ళో పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాం. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టాలు. చిట్టెమ్మగారు స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఏడవడం లేదు, మాట్లాడటం లేదు. సుబ్బలక్ష్మి ముందే ఫోన్ చేసి ఉండటంతో చుట్టాలు నా దగ్గరికొచ్చి ఒకరి తర్వాత ఒకరు చెప్పారు: ఉత్తముడండి, అజాతశత్రువండి, ధర్మప్రభువండి. మెహర్ రాయబోతుంటే వద్దన్నాను. వెళ్ళి చిట్టెమ్మగారి పక్కన నేల మీద కూర్చున్నాను. ఏం అడగాలో నాకు తెలుసు, పన్నెండేళ్ళు అదే అడిగాను.

"అమ్మా, ఆయన దేనికి అలిగేవారు?"

ఆవిడ నావైపు చూశారు.

"పులుసులో ఉప్పు తక్కువైతేనండీ. కంచం దగ్గిరే లేచెళ్ళిపోయి దోనెలో కూకునేవోడు. తాటిదోనె. ఎళ్ళి బతిమాలాలి. నలభై మూడేళ్ళు బతిమాలేను. కావాలనే తక్కువేసేదాన్ని ఒక్కోసారి."

"ఎందుకమ్మా?"

"దోనెలో ఇద్దరం కూకోడానికండీ. ఇంటినిండా జనమే కదా."

ఇప్పుడు రాయమని మెహర్‌కి సైగ చేశాను. నేను చెప్పాను: "అప్పారావుగారు పులుసులో ఉప్పు తక్కువైందని నలభై మూడేళ్ళు అలిగారు. బతిమాలితే వచ్చేవారు. ఈసారి రాలేదు. పెద్దకర్మకి మీరు రండి. ఉప్పు సరిచూసే వడ్డిస్తాం."

చిట్టెమ్మగారి కొడుకు ఆకివీడులో చేపల మేత షాపు నడుపుతాడు. విని తల వంచుకుని అటు తిరిగాడు. ఇంత మంచి కార్డు నేను పన్నెండేళ్ళలో చెప్పలేదు. ఆ తృప్తితో లేచాను. కొంగు సర్దుకున్నాను. మెహర్ నేర్పినట్టే నవ్వుతూ, రంపం గొంతుతో, షామియానా అంతా వినబడేలా అన్నాను.

"వెళ్ళొస్తానమ్మా!"

కుర్చీలన్నీ నావైపు తిరిగాయి. అప్పారావుగారి అన్నగారు కర్ర పట్టుకుని లేచారు.

"ఏమ్మా! మళ్ళీ వత్తావా? ఈసారి ఎవరి కోసం? నా కోసమా?"

"అయ్యో, అది కాదండీ! గూడెంలో చెప్పకుండా లేచానని తిట్టారండీ. అందుకని గేదెక్కూడా చెప్పడం నేర్చుకున్నానండీ..." కంగారులో వరలక్ష్మిగారి ఇల్లు, ఉయ్యాలబల్ల, అరటిపళ్ళు, ఉల్లి బస్తాలు అన్నీ అక్కడే చెప్పేశాను. మధ్యలో ఆపడం తెలియలేదు.

చిట్టెమ్మగారి భుజాలు కదులుతున్నాయి. చుట్టాలు "ఊరుకో, ఊరుకో" అంటూ పట్టుకున్నారు. ఆవిడ ఏడవడం లేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు.

"రమ్మనండి బావగారూ," అన్నారు చివరికి. చావు ఇంట్లో ఆ మాటా అనకూడదు. ఆవిడ అన్నారు. "నేనే రమ్మంటన్నాను. తొమ్మిది రోజులై అందరూ మంచోడు, మంచోడంటన్నారు. ఇంకెవరి గురించో చెబుతున్నట్టుందండీ నాకు. మా ఆయన ఎలాంటోడో నేను మర్చిపోకముందే నా నోట విని రాసిపెట్టేవాళ్ళు కావాలి. ఆయన అలకలూ, తిట్లూ, పాత కొల్లేరూ, అన్నీ. ఈ చెరువులు తవ్వకముందు దోనెలెటెళ్ళేవో మా పిల్లలకి తెలవదు. నెలనెలా ఆయన తిథినాడు రండి."

కొడుకు పక్కకి పిలిచాడు. "తొమ్మిది రోజుల తర్వాత అమ్మ నవ్విందండీ. ఎన్నాళ్ళు రాసినా మాకు ఇబ్బంది లేదు. రానూపోనూ ఛార్జీలతో నెలకింతని ఇచ్చేస్తాను," అన్నాడు. పెద్దాయన కర్ర కింద పెట్టి, వచ్చేది ఆవిడ కోసమే అయితే సరేనన్నారు.

ఆఖరి ఆటోకి రెండు గంటలుందంటే అప్పుడే మొదలుపెట్టేశాం. మధ్యలో మాకు వేరే ఇంట్లో కొరమేను పులుసుతో అన్నం పెట్టించారు. ఉప్పు సరిపోయింది.

ఆదివారం: టాటా ఏస్

మేం శనివారం రాత్రికి ఏలూరు చేరాం. ఆదివారం తొమ్మిదింటికి సూరిబాబు బండితో దిగాడు. నేను చెప్పేది వినకుండానే బీరువా ఎక్కించి తాడు కట్టేశాడు. తర్వాత విన్నాడు.

"నెలకోసారా? ఇది నిలకడంటావా ఒదినా? ముసలావిడ కబుర్లు ఎన్నాళ్ళొస్తాయి? రెండు నెలలు. మూడో నెలకి అయిపోతాయి."

"నలభై మూడేళ్ళ కాపురం సూరిబాబూ."

"అయితే? నిన్న రెండు గంటలు కూర్చున్నారుగా. ఎంతవరకొచ్చింది?"

మెహర్ తను రాసిన చిన్న నోటుపుస్తకం తెచ్చింది. నలభై పేజీలు నిండాయి. ఆఖరి పేజీ తీసి చూసింది.

"పెళ్ళివారి దోనెలు రేవుకొచ్చాయండీ. పెళ్ళికొడుకు అలిగి ఇంకా దిగలేదు," అంది.

సూరిబాబు ఆ పుస్తకం వైపు చూశాడు. నా వైపు చూశాడు. బండెక్కి, బీరువాకి కట్టిన తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.